కుక్క కంట్లో పుసి ఆగడం లేదా? కన్నీరు ఎండిందేమో చూపించండి

చేలోకి పందులు దిగకుండా, దొడ్డిలోకి దొంగలు రాకుండా రాత్రంతా కాచేది కుక్క. దానికి కళ్లు పోతే మన కాపలా పోయినట్టే. కంట్లో పుసి కనబడగానే కళ్లకలక అనుకుని, ఇంట్లో మిగిలిన చుక్కల మందేదో వేస్తుంటాం. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలవుతుంది. ఇలా పదేపదే వస్తుంటే అది వట్టి కలక కాకపోవచ్చు. కన్నీరు ఊరడమే తగ్గిపోయి ఉండవచ్చు.

ఎందుకు వస్తుంది?

కుక్కకు ఒక్కో కంటికి రెండు కన్నీటి గ్రంథులుంటాయి. ఒకటి కంటి పైభాగాన, రెండోది ముక్కు వైపు మూలలో ఉండే మూడో రెప్పలో. ఒంట్లోని రోగ నిరోధక శక్తే దారి తప్పి ఈ గ్రంథులను దెబ్బ తీయడం ఎక్కువగా కనిపించే కారణం. డిస్టెంపర్ జబ్బు వల్ల, సల్ఫా మాత్రలు వాడినందువల్ల కూడా కన్నీరు తగ్గవచ్చు. మూడో రెప్ప గ్రంథి ఎర్రటి కండలా బయటికి వస్తే కోయించెయ్యకండి. దాన్ని లోపలికి సర్ది కుట్టమని అడగండి.

గుర్తులు

బంకలా సాగే పుసి, ఎర్రదనం, కన్ను మెరుపు తగ్గడం, మాటిమాటికీ ఆర్పడం, కాలితో రుద్దుకోవడం. ముదిరితే నల్లగుడ్డు మీద నల్లటి పొర కమ్ముతుంది, పుండు పడుతుంది, చూపు పోతుంది.

ఒక్క నిమిషం పరీక్ష

పశువైద్యుడు కింది రెప్పలో సన్నని కాగితం ముక్క పెట్టి నిమిషం సేపు ఉంచుతారు. తడి 15 మిల్లీమీటర్లు, ఆపైన పాకితే కన్నీరు బాగున్నట్టు. 10 లోపు అయితే అనుమానించాలి. 5 లోపు అయితే జబ్బు ముదిరినట్టే. ఈ పరీక్షకు ముందు కన్ను కడగకండి, చుక్కలు వెయ్యకండి. లెక్క తప్పుతుంది.

చికిత్స

అసలు మందు సైక్లోస్పోరిన్. మనుషులకు మూత్రపిండం మార్చినప్పుడు ఇచ్చే మందే ఇది. గ్రంథుల మీద దాడిని ఆపి కన్నీరు మళ్లీ ఊరేలా చేస్తుంది. కుక్కలకు 0.2 శాతం ఆయింట్‌మెంటును రోజుకు రెండుసార్లు పెడతారు. గుణం కనబడడానికి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. పది రోజులకే పని చేయలేదని మానెయ్యకండి. తగ్గిందని మానినా జబ్బు తిరగబెడుతుంది. చాలా కుక్కలకు బతికినన్నాళ్లూ వాడాల్సిందే. ఈలోగా కన్ను ఎండకుండా కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు నాలుగైదుసార్లు వేయాలి. ఇవి తడి ఇస్తాయే గానీ జబ్బును తగ్గించవు.

వేసే పద్ధతి

కాచి చల్లార్చిన నీటిలో దూది ముంచి ముందు పుసి తుడవండి. కుక్క వెనక నిలబడి మూతి పైకెత్తి, కింది రెప్ప లాగి చుక్క వేయండి. సీసా మూతి కంటికి తగలనివ్వకండి. చుక్కలు వేసిన పది నిమిషాలకు ఆయింట్‌మెంటు పెట్టండి.

ఈ పనులు వద్దు

ఆకు పసరు పిండడం, ఉప్పు, పొగాకు నమిలి కంట్లో ఊయడం మానండి. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు డాక్టరు చెప్పకుండా అసలే వద్దు. కంట్లో పుండు ఉంటే ఆ చుక్కలతో గుడ్డుకే చిల్లు పడవచ్చు. కన్ను తెరవలేకపోతున్నా, గుడ్డు తెల్లబడినా ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లప్పుడే డిస్టెంపర్ టీకా వేయిస్తే ఒక కారణమైనా తప్పుతుంది.