ఓడ మల్లయ్య ఫిర్యాదులు

ఏరు దాటేవరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య అని మనవారు ఏనాడో చెప్పిపెట్టారు. పడవవాడిని గురించి పుట్టిన ఆ సామెతను ఈనాటి ప్రయాణికులు తమకే అన్వయించుకొంటున్నారు. టిక్కెట్టు కొనేవరకు కంపెనీవారు తమను నెత్తిన పెట్టుకొన్నారనీ, సొమ్ము చెల్లించి ఓడ ఎక్కిన మరుక్షణం నుంచి తమను బోడి మల్లయ్యలను చేశారనీ వారి మొర. క్రూయిజు అనే విహారనౌకా యాత్ర చేసివచ్చినవారిని పలకరించి చూడండి. కొందరైనా ఈ పాట పాడక మానరు.

విశాఖపట్టణం రేవులో విహారనౌకల కోసమే 2023లో ఒక టెర్మినల్ ప్రారంభమైంది. ఉద్యోగవిరమణ చేసిన తల్లిదండ్రులను విదేశాలలోని పిల్లలు ఓడ ఎక్కించి సంతోషపెట్టడం మన ఇళ్లలో కూడ వింటున్న సంగతే. మా అబ్బాయి పట్టుదలవల్ల నేనూ, నా అర్ధాంగీ ఆ విధంగానే బార్సిలోనాలో ఓడ ఎక్కి, ఏడు రోజులు మధ్యధరా సముద్రం మీద తిరిగివచ్చాము. ముప్పైమూడేళ్లు పిల్లల జవాబుపత్రాలు దిద్దినవాడిని. ఆ ఏడు రోజులలో విన్న ఫిర్యాదులకూ, నేను స్వయంగా చేసిన ఒక ఫిర్యాదుకూ అలవాటుచొప్పున మార్కులు వేసుకొన్నాను. ఆ ఫలితాలే ఈ వ్యాసం.

మొదట ఒక చిన్న చరిత్ర పాఠం. హాంబర్గు నగరానికి చెందిన ఆల్బర్ట్ బాలిన్ అనే నౌకావ్యాపారికి ఒక చిక్కు ఉండేది. చలికాలంలో అట్లాంటిక్ సముద్రాన్ని దాటేవారు తగ్గిపోయి పెద్ద ఓడలు ఊరకే నిలిచిపోయేవి. ఆయన 1891 జనవరిలో ‘అగస్టా విక్టోరియా’ అనే ఓడను, రెండువందల నలభైమందికి పైగా ప్రయాణికులతో, మధ్యధరా సముద్రానికి విహారం పంపాడు. వారు ఏ దేశానికీ వలస పోవడం లేదు. ఎక్కిన చోటికే తిరిగి రావడం వారి ప్రయాణం. ఆనాడు వందలలో ఉన్న ఆ సంఖ్య, 2024లో ప్రయాణం ప్రారంభించిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే నౌక నాటికి ఏడువేలు దాటింది. అది ఒక చిన్న పట్టణం గదా! పట్టణమన్న తరువాత వరుసలు, రద్దీ, శబ్దం, ఇరుగుపొరుగుల తగవులు ఉండవా?

ఫిర్యాదులలో మొదటిది ఊళ్ల పేర్లను గురించినది. ప్రకటనలో ‘రోము’ అని ఉంటుంది. రోము నగరం సముద్రపు ఒడ్డున లేదన్న భూగోళ పాఠం మనకు ఆ క్షణంలో గుర్తుకు రాదు. ఓడ ఆగేది చివితావెక్కియా అనే రేవులో. అక్కడనుంచి రోము సుమారు డెబ్భై కిలోమీటర్లు. ‘ఫ్లారెన్సు’ అంటే లివోర్నో లేక లా స్పెజియా. ‘పారిస్’ అంటే లే ఆవ్ర్. పారిస్ అక్కడికి దాదాపు రెండువందల కిలోమీటర్ల దూరం. ఉదయం ఎనిమిదికి దిగి సాయంకాలం ఆరింటికి మళ్లీ ఎక్కవలసినవాడికి నిజంగా ఊరు చూడడానికి మిగిలేవి నాలుగైదు గంటలే. అందుచేత సొమ్ము కట్టకముందే అట్లాసు తెరవండి. ఓడ ఏ ఊరి పేరు చెబుతున్నదో కాక, ఏ రేవులో లంగరు వేస్తున్నదో చూడండి.

రెండవది గదిని గురించిన ఫిర్యాదు. తక్కువ ధరకు దొరికే లోపలి గదులకు కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. కొన్ని గదులకు కిటికీ ఉన్నా, ఎదుట ప్రాణరక్షక పడవ వ్రేలాడుతూ సముద్రాన్ని కప్పివేస్తుంది. నాట్యశాలకు క్రిందనున్న గదివారికి అర్ధరాత్రి దాటేవరకు నిద్ర ఉండదు. ఓడ ఊపుకు తల తిరిగే స్వభావం ఉన్నవారు ఓడ పొడవులో నడిమి భాగాన, క్రింది అంతస్తులలో గది తీసుకోవాలి; ఉయ్యాలకు కొసన ఉన్న ఊపు మధ్యలో ఉండదు గదా. ఈ వివరాలన్నీ ఓడ పటంలో ముందుగానే ఉంటాయి. పటం చూడకుండా గది కొని, ఓడ ఎక్కిన తరువాత అరిచేవారికి నేను మార్కులు వేయలేకపోయాను.

మూడవది బిల్లు. టిక్కెట్టులో గది, భోజనం, ప్రయాణం చేరి ఉంటాయి. తలకు ఇంతని రోజువారీ సేవారుసుము, మద్యపానీయాలు, ఇంటర్నెట్టు, ఒడ్డున చూపించే యాత్రలు, వైద్యుని ఖర్చు చాల ఓడలలో వేరే. లోపల నగదు చెల్లదు. గది తాళానికి వాడే కార్డే డబ్బుసంచి. చేతితో నోటు తీసి ఇవ్వనప్పుడు ఖర్చు ఖర్చులాగా కనిపించదు. చేతిలోని ఫోను నడిసముద్రంలో ఓడవారి ఉపగ్రహ సంబంధాన్ని తనంత తానే అందుకొని, మనం మాటాడకపోయినా రుసుము పెంచగలదు. రేవు విడువగానే దానిని విమాన స్థితిలో పెట్టడం మేలు. ప్రతి రాత్రి లెక్క చూసుకొనేవాడు చివరి రోజున గుండె పట్టుకోడు. ఓడలో జబ్బుచేస్తే వైద్యం ఖరీదు. అవసరమై హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చవలసివస్తే ఆ ఖర్చు ఒక కుటుంబాన్ని కుంగదీస్తుంది. ఆ సందర్భాలకు వర్తించే బీమా లేకుండా, ముఖ్యంగా పెద్దవారు, ఓడ ఎక్కకూడదు.

మనవారికి ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. పెట్టెలో చిన్న అన్నం కుక్కరు, నీళ్లు కాచుకొనే కెటిలు, ఇస్త్రీపెట్టె పెట్టుకొని వస్తే వాటిని ద్వారం దగ్గరనే తీసుకొని చివరి రోజున తిరిగి ఇస్తారు. ఇది అవమానం కాదు. ఓడకు నీటికన్న నిప్పు ఎక్కువ భయం. శాకాహారం కావలసినవారు ఓడ ఎక్కిన తరువాత కాక, టిక్కెట్టు కొన్ననాడే వ్రాసి తెలియజేయాలి. షెంగెన్ దేశాల రేవులనుంచి బయలుదేరిన ఓడ మధ్యలో టర్కీకో, ట్యునీషియాకో పోయి తిరిగివచ్చేటట్లయితే, ఒకసారి మాత్రమే ప్రవేశానికి పనికివచ్చే వీసా చాలదు. మందులు, పాసుపోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్దపెట్టె గదికి చేరేసరికి చీకటి పడవచ్చు. చివరి రాత్రి పెట్టెలను గది బయట పెట్టమంటారు. మా పొరుగు గది పెద్దమనిషి వినయంగా అన్ని బట్టలనూ సర్ది బయట పెట్టి, తెల్లవారి రాత్రి దుస్తులతోనే బార్సిలోనా నగర ప్రవేశం చేశాడు.

కాలాన్ని గురించి ఒక్క మాట. ఓడకు తన గడియారం తనది. ఒడ్డున ఉన్న గడియారంతో అది ఒక గంట తేడాగా ఉండవచ్చు. ఓడవారు నడిపే యాత్రకు వెళ్లిన బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారికోసం ఆగదు. వేలమంది ఉన్న పట్టణం ఇద్దరికోసం కదలకుండా ఉండలేదు. పైగా రేవులో నిలిచిన అదనపు కాలానికి రుసుము ఉన్నది. తరువాతి రేవుకు సొంత ఖర్చుతో పోయి ఓడను అందుకోవలసిన బాధ్యత ప్రయాణికుడిదే. ఇక వడ్డనశాలలో అందరూ పట్టుకొనే గరిటెలవల్ల నోరోవైరస్ వంటి కడుపు జబ్బులు త్వరగా వ్యాపిస్తాయి. దానికి సీసాలోని ద్రవం చేతికి రాసుకోవడం చాలదు; సబ్బు, నీళ్లు కావాలి. అమ్మ చిన్ననాడు చెప్పిన పాఠమే ఇది.

ఇప్పుడు నా ఫిర్యాదు సంగతి. ఓడ ఎక్కి గదిలో కాళ్లు చాపుకొన్నామో లేదో, ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపించాయి. అందరూ తమతమ స్థానాలకు చేరి ప్రాణరక్షణ అభ్యాసంలో పాల్గొనాలట. నా అర్ధాంగికి మోకాళ్ల నొప్పులు. రెండు విమానాలు మారి వచ్చిన అలసట. నేను ఒక్కడినే వస్తాను, ఆమెను పడుకోనివ్వండని గది చూసే యువకుణ్ణి బతిమాలాను. అతడు నవ్వుతూనే కాదన్నాడు. మెట్లు దిగి, నిలబడి, లైఫ్‌జాకెట్టు కట్టుకొనే విధం చూసి, హాజరు వేయించుకొని వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. పెద్దవారిపట్ల దయ లేదని ఒక కాగితం మీద వ్రాసి కార్యాలయపు బల్ల మీద ఇచ్చాను. ఆ ఓడలో చాలమంది నోట విన్న విసుగు కూడ దీనిని గురించే.

నాలుగవనాటి సాయంకాలం ఓడ చివితావెక్కియా విడిచి జెనోవా దిక్కుగా బయలుదేరింది. డెక్కు మీద నిలబడి ఉండగా పక్కనున్న ఇటలీ దేశస్థుడొకడు చీకటిలోకి చేయి చూపి, జిల్యో ద్వీపం ఆ వైపుననే అన్నాడు. అప్పుడు నాకు తెలివి వచ్చింది. 2012 జనవరి 13వ తేదీ సాయంకాలం ‘కోస్టా కన్‌కార్డియా’ అనే విహారనౌక ఇదే రేవు విడిచి ఇదే దిక్కుగా వచ్చింది. అందులో నాలుగువేల రెండువందలమందికి పైగా ఉన్నారు. రాత్రి తొమ్మిది నలభై అయిదు ప్రాంతంలో, జనం భోజనాల బల్లల దగ్గర ఉండగా, ఆ ద్వీపానికి మరీ దగ్గరగా పోయి రాతిని కొట్టుకొన్నది. దీపాలు ఆరిపోయాయి. విద్యుత్తులో లోపమని ప్రయాణికులకు చెప్పారు. ఓడను విడిచిపొమ్మనే ఆజ్ఞ గంట దాటిన తరువాతగాని రాలేదు. ముప్పైరెండుమంది చనిపోయారు. కెప్టెను ఫ్రాంచెస్కో స్కెట్టినోకు 2015లో పదహారేళ్ల జైలుశిక్ష పడింది.

ఆ సాయంకాలం చివితావెక్కియాలో ఎక్కిన కొన్నివందలమందికి అప్పటికి అభ్యాసమే జరగలేదు. ఎక్కిన ఇరవైనాలుగు గంటలలోపల జరిపితే చాలునని అప్పటి నియమం. వారికి మరునాడు జరపవలసి ఉన్నది. ఆ మరునాడు రాలేదు. ‘టైటానిక్’ మునిగిన రెండేళ్లకు, 1914లో, సముద్రంపై ప్రాణరక్షణకు కొన్ని దేశాలు కలిసి ఒక ఒడంబడిక వ్రాసుకొన్నాయి. ఈ దుర్ఘటన తరువాత దాని కొత్తరూపంలోని ఆ నియమాన్ని సవరించి, 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందుగాని, కదలిన వెంటనేగాని అభ్యాసం జరిగితీరాలన్నారు. బార్సిలోనాలో మమ్మల్ని మెట్లు దింపించినది ఆ సవరణే. నేను దయలేనితనమని వ్రాసినది, ముప్పైరెండు ప్రాణాల వెల పెట్టి కొన్న నియమమన్నమాట. కొన్ని ఓడలలో ఇప్పుడు ఎవరికి వారు పాఠం విని, తమ స్థానానికి పోయి హాజరు వేయించుకొంటే చాలును; కాని ఆ పోవడం మానకూడదు.

గదికి వచ్చి ఈ సంగతి చెబితే నా అర్ధాంగి, “ఏమండీ, బళ్లో గంట కొట్టినప్పుడు ఒక పిల్లవాడు వరుసలోకి రానంటే మీరు ఊరుకొనేవారా?” అన్నది. ఊరుకోలేదన్నది నిజం. మరునాడు ఓడ జెనోవా చేరింది. ‘కన్‌కార్డియా’ శిథిలాన్ని నీటిపైకి తేల్చి, 2014 జూలైలో, విడగొట్టడానికి లాగుకొనివచ్చినది ఆ రేవుకే. నేను కార్యాలయపు బల్ల దగ్గరకు పోయి నా కాగితం వెనుకకు తీసుకొన్నాను. అప్పుడే మరొక సంగతి తెలిసింది. త్వరగా నడవలేనివారి పేర్లు ముందుగా వ్రాయించుకొంటే, ప్రమాదవేళ వారికి సహాయం చేయడానికి మనుషులను నియమిస్తారు. నేను మొదటి రోజున అడగవలసినది విశ్రాంతి కాదు, ఇది. నాలుగు రోజులు ఆమె పేరు ఆ పట్టికలో లేదు. ఆ పొరపాటు కంపెనీది కాదు, నాది.

ఫిర్యాదు చేయకూడదని నా భావం కాదు. గది మురికిగా ఉంటే, చెప్పిన ఆహారం పెట్టకపోతే, బిల్లులో కొననిది కనిపిస్తే తప్పక చేయాలి. ఓడలో ఉండగానే, తేదీ వేసి, వ్రాతమూలకంగా చేయాలి. ఇల్లు చేరిన తరువాత వ్రాసినది పరీక్ష ముగిసిన తరువాత ఇచ్చిన జవాబుపత్రం వంటిది. అయితే గాలివాన వచ్చినప్పుడు ఒక రేవును విడిచిపోయే అధికారం కెప్టెనుకు టిక్కెట్టు షరతులలోనే ఉన్నది. అక్కడ కోపగించి ఫలితం లేదు, కోపగించకపోవడమే క్షేమం.

మరొక సంగతి. మన కోపం పడేది ఆ షరతులు వ్రాసినవారి మీద కాదు. బల్ల తుడిచే ఫిలిప్పీన్ యువతి మీద, పక్క సర్దే ఇండోనీషియా యువకుని మీద, కొన్నిసార్లు మన దేశపు బిడ్డల మీదనే. నెలల తరబడి ఇల్లు విడిచి వారు పనిచేస్తారు. వారికి రోజుకు పది గంటల విశ్రాంతి తగ్గరాదని 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నౌకాకార్మిక ఒడంబడిక చెప్పవలసివచ్చిందంటే, ఆ పని ఎటువంటిదో ఊహించవచ్చును. దీపాలు ఆరిపోయిన రాత్రి మన చేయి పట్టుకొని పడవలోకి దింపవలసినవారు వారే.

బార్సిలోనాలో దిగేటప్పుడు ఆ గది చూసే యువకుడు నా అర్ధాంగి చేతిసంచి పట్టుకొని మెట్ల వరకు వచ్చాడు. నేను అతని పేరు అడిగి, ఇంకొక కాగితం మీద ఆ పేరు వ్రాసి, అతడు తన విధిని సక్రమంగా నిర్వర్తించాడని క్రింద సంతకం చేసి ఇచ్చాను. ఏరు దాటిన తరువాత కూడ ఓడ మల్లయ్యను ఓడ మల్లయ్యా అనే పిలవాలి గదా.