పి.సి.ఓ.ఎస్.కి ఖనిజాల మాత్రలా? కొనేముందు ఒక్క మాట!

నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోందా? గడ్డం మీద వెంట్రుకలు, మొహం నిండా మొటిమలు, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు! స్కానింగ్‌లో 'అండాశయాల్లో నీటి బుడగలు' అన్నారు. అంతే, పక్కింటావిడ ఓ మాత్ర పేరు చెబుతుంది, మందుల షాపతను ఇంకోటి చేతిలో పెడతాడు. నెల తిరిగేసరికి అల్మారాలో నాలుగు సీసాలు! మీ ఇంట్లోనూ ఇదే వరసా? అయితే కాస్త ఆగండి.

పి.సి.ఓ.ఎస్. ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది. ఇబ్బందులన్నీ అక్కడే మొదలు. జింకు, మెగ్నీషియం, క్రోమియం ఇన్సులిన్ పనికి తోడ్పడతాయి కనుకే వాటి మాత్రలు వాడి చూస్తున్నారు. జరిగినవి ఎక్కువగా చిన్న పరిశోధనలే. కొన్నింట్లో కాస్త మేలు కనిపించింది, కొన్నింట్లో లేదు. మాత్రతోనే జబ్బు పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

వంటింట్లోనే ఉన్నాయి!

జింకు: నువ్వులు, శనగలు, గుమ్మడి గింజలు, మాంసం. శనగలు, పెసలు మొలకెత్తించి తింటే జింకు ఒంటికి బాగా పడుతుంది.

మెగ్నీషియం: రాగులు, జొన్నలు, సజ్జలు, పల్లీలు, ఆకుకూరలు. రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె, తోటకూర పప్పు తిని చూడండి.

సెలీనియం: చేపలు, గుడ్లు.

మాత్రలు వాడేవారు గుర్తుంచుకోండి

* డాక్టరు చెబితే తప్ప జింకు రోజుకు 40 మి.గ్రా. దాటకూడదు. ఎక్కువకాలం అతిగా వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది.

* సెలీనియం ఎక్కువైతే గోళ్లు పెళుసెక్కుతాయి, జుట్టు రాలుతుంది. జుట్టు కోసం వేసుకున్న మాత్రే జుట్టు ఊడగొడితే ఎలా?

* కిడ్నీ జబ్బున్నవారు డాక్టరు సలహా లేకుండా మెగ్నీషియం మాత్రలు ముట్టుకోవద్దు.

* థైరాయిడ్ మాత్రకీ ఐరన్, కాల్షియం, మెగ్నీషియం మాత్రలకీ మధ్య 4 గంటల తేడా ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మందు సరిగ్గా ఒంటబట్టదు.

* మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. పరీక్ష చేయించమని అడగండి.

2023లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా పి.సి.ఓ.ఎస్. ఉన్నవారందరికీ మంచి తిండి, వ్యాయామం అవసరమనే చెప్పాయి. బరువు ఎక్కువున్నవారు 80 కిలోలకు 4 కిలోలు తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అల్మారాలోని సీసాలన్నీ ఓ సంచిలో వేసుకెళ్లండి. ఒకే జింకు రెండు మూడు సీసాల్లో ఉండవచ్చు. ఏది ఉంచాలో, ఏది మానాలో ఆవిడే చెబుతారు. డబ్బూ ఆదా, ఆరోగ్యమూ పదిలం!