సగంలో ఉన్న క్విల్టులనూ వేలాడదీద్దాం

మన సంఘం ఉత్సవాల్లో హస్తకళల ప్రదర్శన పెట్టినప్పుడు పూర్తయిన వస్తువులనే తెమ్మంటాం. బొమ్మకు రంగులు ఆరాలి, ఎంబ్రాయిడరీకి చట్రం కట్టాలి, జాకెట్టుకు కాజాలు కుట్టి ఉండాలి. మిగతా కళల సంగతి ఏమోగానీ క్విల్టుల విషయంలో ఈ నియమం మనకు నష్టం చేస్తోందని నా అభిప్రాయం. సరదాకు క్విల్టులు కుట్టేవారి ఇంట్లో మంచం మీద పరిచినవి ఒకటో రెండో ఉంటే, అల్మరాలో సగంలో ఆగినవి అంతకు నాలుగింతలుంటాయి. బ్లాకులనే చిన్న పలకలు కుట్టి ఒకదానికొకటి కలపనివి కొన్ని, పైభాగం పూర్తయి దూది పొర కోసం ఎదురుచూసేవి కొన్ని, చుట్టూ బైండింగ్ వేస్తే చాలు అనే స్థితిలో ఏళ్ల తరబడి ఉండిపోయినవి ఇంకొన్ని. అమెరికా గిల్డుల్లో వాటిని యూఎఫ్‌వోలు, అంటే అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్టులు, పూర్తికాని వస్తువులు అంటారు. వాటి ప్రస్తావన వస్తే కుట్టేవారి గొంతులో చిన్న సంజాయిషీ వినిపిస్తుంది. ఆ సంజాయిషీ అక్కర్లేదన్నదే నా వాదన. క్విల్టుకు డిజైను పుట్టే చోటు ఆ సగమే. పూర్తయిన క్విల్టులో ఫలితం కనిపిస్తుంది, దానికి దారితీసిన ఆలోచన మాత్రం కుట్ల కిందికి వెళ్లిపోతుంది.

క్విల్టంటే మూడు పొరలు. ముక్కలు అతికి చేసిన పైబట్ట, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, అడుగున బ్యాకింగ్ బట్ట. ఈ మూడింటినీ కలిపి పట్టి ఉంచే కుట్టునే అసలు క్విల్టింగ్ అంటారు. అంచుల చుట్టూ బైండింగ్ పడితే పని అయినట్టు. చెప్పడానికి ఇంతే, కానీ ప్రతి దశలోనూ కొత్త నిర్ణయం ఎదురవుతుంది, ముందటి దశ పూర్తయ్యేదాకా ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం చేతిలో ఉండదు. కాగితం మీద గీసుకున్నప్పుడు ఎరుపు, పసుపు చక్కగా కలుస్తాయి. బట్టగా కోసి పక్కపక్కన పెడితే పసుపు ముందుకు దూకి ఎరుపును మింగేస్తుంది. బల్ల మీద నుంచి చూస్తే ఇది తెలియదు, పది అడుగుల దూరం కావాలి. అందుకే గోడకు ఫ్లానెల్ గుడ్డ కట్టి ముక్కల్ని దానికి అంటించి చూస్తారు. ఫ్లానెల్ నూగు నూలుబట్టను పిన్ను లేకుండానే పట్టుకుంటుంది కాబట్టి ముక్కను తీసి ఇంకోచోట పెట్టడం క్షణంలో పని. ఆ గోడ మీద వారాల తరబడి ఉండిపోయిన క్విల్టును ఆగిపోయిన పని అనడం సరికాదు. కుట్టేవారు రోజూ ఆ గది గుండా నడుస్తూ, పొద్దుటి వెలుగులో ఒకసారి, దీపం వెలుతురులో ఇంకోసారి దాన్ని చూస్తూనే ఉంటారు.

సగంలోనే డిజైను పుడుతుందనడానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం అమెరికాలోని అలబామాలో ఉంది. అలబామా నది మూడు వైపులా చుట్టిన వంపులో జీస్ బెండ్ అనే ఊరు. అధికారికంగా దాని పేరు బాయ్‌కిన్. ఒకప్పటి పత్తితోటలో బానిసలుగా పనిచేసినవారి సంతతివారు అక్కడ ఉంటారు. అక్కడి స్త్రీలు కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శితమై, 2006లో అమెరికా తపాలా బిళ్లల మీదికి ఎక్కాయి. విమర్శకులు వాటిని ఆధునిక నైరూప్య చిత్రకళతో పోల్చారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది వాటి వెనక ఉన్న పని తీరు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీ వారికి కార్డురాయ్ దిండు గలీబుల పని ఇచ్చింది. గలీబులు పోగా మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాయి. కార్డురాయ్ మందపు బట్ట, సన్నని త్రిభుజాలకూ చిన్న నక్షత్రాలకూ లొంగదు. దానితో వెడల్పాటి పట్టీలు, పెద్ద చతురస్రాలు కుట్టక తప్పదు. లోకం మెచ్చుకున్న ఆ నిబ్బరమైన ఆకృతుల్లో కొన్నిటిని నిర్ణయించింది ఆ బట్ట స్వభావమే. నమూనా గీసుకుని దానికి సరిపోయే బట్ట కొనుక్కోవడం వారి పద్ధతి కాదు. ఉన్న ముక్కను పక్కన పెట్టి, చూసి, తర్వాతి ముక్క ఏదో తేల్చుకోవడమే పద్ధతి. ఎవరి నమూనానూ పట్టించుకోకుండా కుట్టినదాన్ని వారు ‘మై వే’ క్విల్టు అంటారు.

ఇది ఒక్క ఊరి విశేషమని అనుకోవడానికి లేదు. మన పక్కనే, ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది స్త్రీలు ‘కవండ్’ కుడతారు. అడుగున ఒక చీర పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, చేతికందిన ముక్కను పెడుతూ కుడుతూ చుట్టూ తిరిగి మధ్యకు వస్తారు. ముక్కలు అతకడం, పొరలు కుట్టడం ఒకేసారి జరిగిపోతాయి. ముందుగా కోసిపెట్టుకున్న పథకం ఏదీ ఉండదు, మధ్యకు చేరేసరికి మిగిలిన జాగాయే చివరి ఆకృతిని చెబుతుంది. సముద్రాల అవతల ఒకరినొకరు ఎరుగని రెండు సమాజాలు ఒకే తీరుకు వచ్చాయంటే, అది ఆ పనిలోనే ఉన్న లక్షణమని ఒప్పుకోవాలి.

సగంలో ఆగినది చరిత్రకారులకు ఎంత విలువైనదో కూడా చూడాలి. ఇంగ్లండు పద్ధతిలో షడ్భుజాల అతుకుపనికి ప్రతి ముక్క వెనకా కాగితం పెట్టి బట్టను దాని చుట్టూ మడిచి కుడతారు. పని పూర్తయ్యాక కాగితాలు తీసేస్తారు. పూర్తికానివాటిలో అవి అలాగే ఉండిపోతాయి. పాత ఉత్తరాలు, పద్దు పుస్తకాలు, వార్తాపత్రికలు చించి చేసిన ఆ కాగితాల మీద ఒక్కోసారి తేదీలుంటాయి, చేతిరాత ఉంటుంది. కుట్టినామె పనిని సగంలో మానేయబట్టే ఆమె కాలం మనకు తెలుస్తోంది. ఇక ముగింపే లేకుండా మొదలైనదీ ఒకటుంది. ఎయిడ్స్‌తో పోయినవారి కోసం కుట్టిన స్మారక క్విల్టును 1987 అక్టోబరులో వాషింగ్టన్ నేషనల్ మాల్ మీద మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 ఫలకాలు. ఒక్కో ఫలకం మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే సుమారు ఒక సమాధి కొలత. తర్వాత ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. దాన్ని చూసి ఎందుకు పూర్తికాలేదని ఎవరూ అడగరు.

మన ఇళ్లలో కుట్టే క్విల్టులకు వద్దాం, ఎందుకంటే ఈ వాదన అసలు పరీక్షకు నిలబడాల్సింది ఇక్కడే. తెలుగువారికి ప్రేరణ అనగానే పోచంపల్లి, కలంకారీ, ముగ్గు అనే మూడు మాటలు వెంటనే వస్తాయి. మాట సులువే, బట్ట మీదికి తేవడం కష్టం. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును నేతకు ముందే కట్లు కట్టి అద్దుతారు కాబట్టి ఆకృతి అంచులు ఈకల్లా చెదిరి ఉంటాయి. దాని అందమంతా ఆ చెదరడంలోనే ఉంది. దాన్ని రోటరీ కట్టర్‌తో రెండంగుళాల త్రిభుజాలుగా కోస్తే కత్తి అంచు ఆ మెత్తని అంచును చంపేస్తుంది, ప్రతి కుట్టుకూ పావు అంగుళం లోపలికి పోయి మిగిలినది ఏమిటో పోల్చుకోలేం. ఈ సంగతి రెండు బ్లాకులు కుట్టి గోడకు పెట్టాకే తెలుస్తుంది. అప్పుడు ఆగి, ఇక్కత్‌ను పెద్ద పలకలుగా ఉంచి మధ్యలో మంగళగిరి సాదా నూలు పట్టీలు వేస్తే బాగుంటుందేమోనన్న ఆలోచన వస్తుంది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలును ఒకసారి శ్రద్ధగా చూస్తే ఆ గళ్ల అమరికలో ఒక క్విల్టు అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని కోయాలన్న కోరికను అణచుకోవడమే మంచి డిజైను. గద్వాల చీర ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. నూలు ఒడలు, పట్టు అంచు ఉతికినప్పుడు ఒకేలా కుంచించుకోవు, వెనక ఇస్త్రీతో అతికే పలచని లైనింగ్ వేయకపోతే పట్టు పోగులు ఊడిపోతాయి. ముగ్గు సంగతి నాకు అన్నిటికంటే ఆసక్తి. చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గును రంగు ముక్కలుగా అతకాలని చాలామంది మొదలుపెట్టి విసిగిపోతారు. వంపు గీతలకు అతుకుపని పగవంటిది. కానీ పైభాగం పూర్తయి పొరలను కలిపి కుట్టే దశకు వచ్చాక ఆ ముగ్గుకు అసలు చోటు దొరుకుతుంది. మెషీన్ మీద క్విల్టింగ్ చేసేటప్పుడు దారం తెగినచోటల్లా ముడివేసి కొసను లోపలికి దాచాలి, అందుకే తెగకుండా సాగే గీత కోసం అందరూ వెతుకుతారు. ఎత్తని చేత్తో మొదలైన చోటికే తిరిగి వచ్చే మెలికల ముగ్గు సరిగ్గా ఆ గీతే. ముగ్గు వేయాల్సింది బ్లాకులో కాదు, కుట్టులో. ఈ తెలివిడి రావడానికి సగంలో ఆగిన ఒక క్విల్టు కావాలి.

అసలు క్విల్టు మనది కాదు కదా, దాంట్లో ఇంత వెతుకులాట ఎందుకని ఒక ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నకు మచిలీపట్నం జవాబు చెబుతుంది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థానాలు పెట్టింది ముఖ్యంగా మన అద్దకపు బట్టల కోసమే. కరక్కాయలో నానబెట్టి, పటిక పూసి, చిరువేరుతో ఎర్రగా మరిగించిన రంగు ఉతికినకొద్దీ మెరుగవుతుంది తప్ప పోదు. యూరప్‌కు అప్పటికి అది తెలియని విద్య. ఆ బట్టల మీద పుట్టిన మోజుకు భయపడి ఇంగ్లండు 1701 నుంచి అద్దకపు బట్టల దిగుమతిని ఆపింది, 1721 చట్టంతో వాడకాన్నే చాలావరకు నిషేధించింది. 1774 దాకా అది తొలగలేదు. ఖరీదైన ఆ పూలబట్టలో ప్రతి ముక్కనూ దాచుకుని, పూలను విడిగా కత్తిరించి తెల్లబట్ట మీద అతికి కుట్టే పద్ధతి అట్లాంటిక్ రెండువైపులా వ్యాపించింది. అమెరికాలో 18వ శతాబ్ది చివరి నుంచి 19వ శతాబ్ది మధ్యదాకా కుట్టిన అలాంటి క్విల్టులు మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో చాలావరకు బట్ట ఇంగ్లండులో అచ్చయినదేనని, మన బట్టకు అనుకరణేనని కూడా ఒప్పుకోవాలి. మచిలీపట్నం పనివారు బట్టల మీద గీసిన జీవవృక్షం ఆకృతిలోనూ యూరప్ వర్తకులు పంపిన నమూనాల పాలు ఉంది. ఎవరిది ఎంత అని తూచడానికి వీల్లేనంతగా కలిసిపోయిన ఈ కళలోకి తెలుగు చేతులు ఇప్పుడు కొత్తగా వచ్చాయనడం చరిత్రకు విరుద్ధం.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. క్విల్టు చలికి కప్పుకునేది, పూర్తయ్యేదాకా ఎవరినీ వెచ్చగా ఉంచదు. జీస్ బెండ్‌లో గోడల సందుల్లోంచి గాలి వచ్చే ఇళ్లలో పిల్లల్ని పడుకోబెట్టిన తల్లులకు సగంలో ఆపే విలాసం లేదు. మన ఊళ్లలో పాత చీరలు, పంచెలు దొంతరగా పరిచి పెద్ద సూదితో బొంత కుట్టిన అమ్మమ్మలకూ లేదు. ఇది నిజం, దీన్ని దాటవేసి అందం గురించి మాట్లాడటం ఆ స్త్రీల పట్ల అన్యాయం. అయితే వారి పనిలోనూ పూర్తి అన్నది మనం అనుకునేంత గట్టి గీత కాదు. బొంత చిరిగినచోట ఇంకో చీర పరిచి మళ్లీ కుట్లు వేస్తారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అరిగిపోయిన క్విల్టునే కొత్తదాని మధ్య పొరగా వాడేవారు. అవసరం వారిని తొందరపెట్టింది, కానీ బట్టను చూస్తూ తేల్చుకునే పద్ధతిని మాన్పించలేదు. మనకు ఆ అవసరం లేదు. ఆ తీరికను ఎలా వాడుకుంటామన్నదే ప్రశ్న, అందుకే అమ్మ చీరను కోసే ముందు దాన్ని పిన్నులతో గోడకు పెట్టి నెలలపాటు చూడమంటాను. కుట్టు విప్పవచ్చు, కోత పూడదు.

సగం పనులన్నీ ఆలోచనలు కావన్న మాటనూ ఒప్పుకుంటాను. ప్రతి సేల్‌లోనూ ఫ్యాట్ క్వార్టర్లనే బట్టముక్కలు కొని, కిట్లు తెరవకుండా పేర్చడం కొనుగోలు మాత్రమే. తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఇందులో ఇంకా తేల్చాల్సింది ఏమైనా ఉందా? రంగు, కొలత, అమరిక అన్నీ ఇంకొకరు తేల్చి ఇచ్చిన కిట్ ఆగిపోతే అక్కడ మిగిలింది శ్రమ ఒక్కటే. దాన్ని పూర్తి చేయాలి, లేదా ఎవరికైనా ఇచ్చేయాలి.

కాబట్టి సంఘం పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే ఉత్సవంలో క్విల్టులకు కేటాయించిన గోడలో మూడో వంతు సగంలో ఉన్నవాటికి ఇవ్వండి. జార్జియాలో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ తన బైబిల్ క్విల్టును 1891లో అయిదు డాలర్లకు అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ఒక్కో ఫలకం కథనూ చెప్పి మరీ ఇచ్చింది, ఆ వివరణ రాసి ఉంచినందువల్లే ఈ రోజు స్మిత్సోనియన్‌లో దాన్ని చదవగలుగుతున్నాం. అలాగే ప్రతి సగం క్విల్టు పక్కనా కుట్టినవారు నాలుగు వాక్యాలు రాయాలి: బట్ట ఎక్కడిది, మొదట ఏమనుకున్నారు, ఎక్కడ ఆగారు, ఇప్పుడు ఏ రెండు దారుల మధ్య ఉన్నారు. ఫ్లానెల్ గుడ్డకు అంటించిన ముక్కల్ని అలాగే తెచ్చి పెట్టవచ్చు, రవాణాకు పిన్నులు చాలు. వీలైనవాటిని గోడకు ఆనించకుండా తాడు మీద వేలాడదీయండి. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా చూడాలనుకునేది వెనకవైపునే, అతుకుల మడతలను ఏ పక్కకు ఇస్త్రీ చేశారో అక్కడే తెలుస్తుంది.