సుసు: గంగ నుండి ఆంగ్ల నిఘంటువునకు

ఆంగ్లము నుండి మనము పుచ్చుకొన్న మాటలను ఏ విద్యార్థియైనను క్షణములో పది చెప్పగలడు. ఆంగ్లము మన వద్ద నుండి పుచ్చుకొన్నవి చెప్పుమన్నచో బంగళా, పైజామాల వద్ద ఆగిపోవును. పెద్ద ఆంగ్ల నిఘంటువులలో ఒక మూల దాగియున్న అట్టి అరుదైన పదమొకటి 'సుసు'. తరగతిలో ఈ మాట పలికినప్పుడు వెనుక బల్లల నుండి నవ్వులు వినిపించినవి. చంటిబిడ్డల ఉర్దూలో దానికి గల అర్థము నాకును తెలియును! ఇక్కడ సుసు అనగా గంగా, బ్రహ్మపుత్రలలో నివసించు మంచినీటి డాల్ఫిన్.

ఈ జంతువును శాస్త్రలోకమునకు పరిచయము చేసినవారిలో ఒకరైన విలియం రాక్స్‌బర్గ్ మనకు పరాయివారు కారు. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు వెళ్లకపూర్వము సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించినవారు. 1801లో గంగానది డాల్ఫిన్‌ను వర్ణించుచు వ్యాసము ప్రకటించి, కలకత్తా ప్రాంతపు బెంగాలీలు దీనిని 'సూసూ' అందురని తెలిపినారు. గోదావరి, కృష్ణలలో ఈ జీవి లేదు గనుక మన బెస్తలకు దీనికి పేరు పెట్టవలసిన అవసరమే కలుగలేదు.

ఊపిరి కొరకు పైకి వచ్చి గాలి విడుచునప్పుడు కలుగు శబ్దమే ఈ పేరునకు మూలమని పలువురు చెప్పుదురు. వినుటకు ముచ్చటగానే యున్నది గాని, నేను పూర్తిగా అంగీకరింపలేను. హిందీ 'సూంస్', బెంగాలీ 'శుశుక్' పదముల వెనుక సంస్కృత 'శిశుమార' శబ్దము స్పష్టముగా కనబడుచున్నది. అమరకోశము దానిని జలచరములలో చేర్చినది. నక్షత్ర మండలమును ఒక జలచరముగా భావించిన భాగవత పంచమ స్కంధములోని శింశుమార చక్రము తెలుగు పాఠకులకు పరిచితమే. పాళీలోని 'సుంసుమార' మాత్రము మొసలి. నీటిలో ఒక్క క్షణము కనబడి మాయమగు ప్రాణుల పేర్లు ఇట్లు ఒకదానికొకటి తారుమారగుట వింత కాదు. పదమును విడదీసి 'శిశువులను చంపునది' అని అర్థము చెప్పుట కూడ కలదు. చేపలు, రొయ్యలు తిని బ్రతుకు జీవిపై ఇది పెద్ద అపవాదు.

ఇక బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో హిందుస్థానపు జంతువులను వర్ణించుచు దీనిని 'ఖూక్-ఎ-ఆబీ', అనగా నీటి పంది, అని పేర్కొన్నారు. నీటిలో ఆడుకొనునప్పుడు భిస్తీవాని మష్కువలె కనబడునని ఆయన పోలిక. నీరు నిండిన తోలుసంచి నిగనిగలాడుట చూచిన పెద్దలు మన ఇండ్లలో ఉన్నచో ఆ పోలిక ఎంత సరియైనదో వారినడిగి తెలిసికొనవచ్చును. ఆంగ్లములో దీని దగ్గరి బంధువునకు గల 'పోర్‌పాయిస్' అను పేరునకు మూలమైన లాటిన్ మాటలకు అర్థము 'పంది చేప'! ఒకరి మాట ఒకరు వినకయే రెండు దేశములవారు ఒకే పోలిక కట్టినారు.

సుసు కన్నులలో కటకము లేదు. వెలుతురు, చీకటి భేదము మాత్రము గ్రహించునందురు. బురద నీటిలో చూపుతో పని లేదు. తాను చేయు ధ్వని తిరిగి వచ్చు తీరును బట్టి దారిని, ఆహారమును కనుగొనును. అందుచేతనే పడవల యంత్రముల రొద దానికి బాధాకరము. వలలలో చిక్కుట, ఫరక్కా వంటి ఆనకట్టలు నదిని ముక్కలు చేయుట, నూనె కొరకు వేట అన్నియు దానిని తగ్గించినవి.

చైనాలోని యాంగ్‌ట్సీ నదిలో దీనివంటి 'బైజీ' ఉండెడిది. 2006లో ఆరు వారములు నదిని గాలించినను ఒక్కటియు కనబడలేదు. నేడు బైజీ అను పదము నిఘంటువులలో మాత్రము భద్రముగా ఉన్నది. మన ప్రభుత్వము గంగానది డాల్ఫిన్‌ను 2009లో జాతీయ జలచరముగా నిర్ణయించినది. 2025లో వెల్లడియైన గణన ప్రకారము మన నదులలో 6,327 డాల్ఫిన్లు గలవు. వానిలో మూడు బియాస్ నదిలోని సింధు డాల్ఫిన్లు, తక్కినవన్నియు సుసులే. వీని కొరకు బీహారులో సుల్తాన్‌గంజ్ మొదలు కహల్‌గావ్ వరకు గంగను 1991లో విక్రమశిల అభయారణ్యముగా ప్రకటించినారు. అచ్చటి జాలరులు మాత్రము దీనిని నేటికిని 'సోంస్' అనియే పిలుచుచున్నారు.