డయాలిసిస్‌కు దారి చూపే సర్జన్లు

బిలాస్‌పూర్ రైల్వే పట్నంలోని వ్యాపార్ విహార్‌లో ఉండే తెలుగు పిల్లలు ఒకసారి నన్ను ఇలా అడిగారు: "ఆసుపత్రిలో డయాలిసిస్ యంత్రం ఉంటుంది కదా, మళ్ళీ సర్జన్ ఎందుకండీ?" ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుందాం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటల ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి తదితర మండలాలలో ఎంతోమంది రైతులు, కూలీలు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి గురవుతున్నారు. దీనికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఛత్తీస్‌గఢ్‌లోని సుపేబేడా గ్రామానిదీ ఇదే బాధ.

మూత్రపిండాలు పూర్తిగా పాడైన రోగికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు డయాలిసిస్ చేయాలి. అప్పుడు నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం యంత్రంలోకి వెళ్ళాలి. చేతి మీద కనిపించే సిర అంత రక్తాన్ని ఇవ్వలేదు. ధమనిలో వేగం ఉన్నా, అది లోతుగా ఉంటుంది. దానికి మాటిమాటికీ సూది గుచ్చడం ప్రమాదకరం.

మరి ఉపాయం ఏమిటి? ముంజేతిలో ధమనిని, సిరను కలిపి కుట్టడమే. దీనినే ఫిస్టులా అంటారు. అమెరికా వైద్యులు బ్రెషియా, సిమినో, సర్జన్ అపెల్, మరొక సహచరుడు 1966లో ఈ పద్ధతిని ప్రకటించారు. ధమని రక్తం వేగంగా ప్రవహించడంవల్ల కొన్ని వారాలలో సిర వెడల్పై, గోడలు మందమవుతాయి. వేలు ఆనిస్తే సన్నని అదురు తెలుస్తుంది. ఫిస్టులా లేకపోతే మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం అమర్చాలి. దానిద్వారా సూక్ష్మజీవులు రక్తంలో చేరితే ప్రాణాపాయమే.

పేద దేశాలలో యంత్రాలు వచ్చినా, ఈ శస్త్రచికిత్సలో ఆరితేరినవారు కొద్దిమందే. అందుకే ఇతర దేశాల సర్జన్లు స్వచ్ఛందంగా వెళ్తుంటారు. 2008లో ఘనాలో మొదటి మూత్రపిండ మార్పిడి జరిగింది. బ్రిటన్ నుంచి వచ్చిన వైద్యబృందం స్థానిక వైద్యులతో కలిసి దానిని చేసింది. అలా కలిసి పనిచేయడం చాలా ముఖ్యం. వచ్చిన సర్జన్ వారం రోజుల్లో వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఫిస్టులాలో రక్తం గడ్డకడితే సరిచేయవలసింది అక్కడి వైద్యుడే. కనుక ఆపరేషన్లు చేయడంతోపాటు, స్థానికులకు ఆ పని నేర్పడమే నిజమైన సేవ.

మీ ఇంట్లో ఎవరికైనా ఫిస్టులా ఉంటే గుర్తుంచుకోండి: ఆ చేతికి రక్తపోటు చూడకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బరువులు మోయనివ్వకూడదు. అదురు ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.