గండికోటలో కాగితం కాల్చాను... తర్వాత ఏమైంది?

లోయ అంచున కూర్చుని అగ్గిపెట్టెలో సగం పుల్లలు వేస్ట్ చేశా. పెన్నా మీదుగా వచ్చే గాలికి ఒక్కటీ నిలవలేదు. ఎట్టకేలకు కాగితం అంటుకుంది. దాని మీద ఓ పిచ్చి బొమ్మ. ఆ బొమ్మలో దాగిన కోరిక 'నాకు ఉద్యోగం వచ్చింది'.

అప్పటికి లేఆఫ్ అయి మూడు నెలలు. జమ్మలమడుగులో అవ్వ ఇంట్లో ఉంటున్నా. నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే 'కేయాస్ మ్యాజిక్' కంటపడింది.

చేతబడి కాదు, కంగారు పడకండి. 1970ల్లో ఇంగ్లండ్‌లో మొదలైన సాధన ఇది. పీటర్ కారోల్ 1978లో తెచ్చిన 'లిబర్ నల్' దీనికి ముఖ్యమైన పుస్తకం. అంతకు చాలా ముందే లండన్ చిత్రకారుడు ఆస్టిన్ ఉస్మాన్ స్పేర్ (1886-1956) 'సిజిల్' పద్ధతి చెప్పాడు. కోరికను వాక్యంగా రాయాలి. రెండోసారి వచ్చిన అక్షరాలు కొట్టేయాలి. మిగిలినవాటిని కలిపి బొమ్మ గీసి, మనసంతా దాని మీదే నిలపాలి. ఆ తర్వాత మర్చిపోవాలి!

వీళ్ల లెక్కలో నమ్మకం ఒక పనిముట్టు. యాప్‌లాగా అవసరమైతే ఇన్‌స్టాల్, పనయ్యాక అన్‌ఇన్‌స్టాల్. తంత్రం, తావో, జెన్... ఎక్కడిదైనా తీసుకుంటారు. గురువు చెప్పాడని నమ్మొద్దు, చేసి చూసి డైరీలో రాసుకో అంటారు.

ఈ మాట మన సీమకు కొత్తేం కాదు. వేమన మొదట బంగారం చేసే విద్య వెంట పడి, ఆ తర్వాతే యోగి అయ్యాడని మనవైపు కథలు చెబుతాయి. విగ్రహాలు, తీర్థయాత్రలు, కులం... దేన్నీ ఆయన ఊరికే ఒప్పుకోలేదు. కేయాస్ వాళ్లు నమ్మకాన్ని వాడుకోమంటారు. వేమన దాన్ని నిలదీయమన్నాడు.

నేను రెండూ చేశా. మొత్తం ఆరు సిజిల్స్ గీశా. ఫలితం రాకముందే తేదీతో సహా డైరీలో రాసిపెట్టా. ఇదే కీలకం. రాయకపోతే మన బుర్ర జరిగినవే గుర్తుంచుకుని, జరగనివి డిలీట్ చేస్తుంది. ఆరింట్లో నెరవేరినవి రెండే. అందులో ఒకటి ఉద్యోగం.

మరి మ్యాజిక్ పనిచేసినట్టేనా? ఆ మూడు నెలల్లో నేను నలభైకి పైగా అప్లికేషన్లు పెట్టా. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. కాగితం కాల్చిన రాత్రి హాయిగా నిద్రపోయా. తర్వాతి ఇంటర్వ్యూలో గొంతు వణకలేదు. డబ్బు తీసుకుని ఇదే నేర్పిస్తామనేవాళ్లు దొరుకుతారు, జాగ్రత్త. పెన్నూ పేపరూ చాలు. దిగులు మరీ ఎక్కువైతే మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

ఆఫర్ వచ్చిన రోజు అవ్వకు అంతా చెప్పా. ఆమె నవ్వింది.

"పేపరు కాలిస్తే పని వస్తాదా నాయనా? నేను బ్రహ్మంగారికి మొక్కుకున్యా. మీ దాంట్లో మర్చిపోవాలంటివే, మొక్కు తీర్చేదాకా మర్చిపోగూడదు. పద, మఠానికి పోయొద్దాం."

పోయొచ్చాం. డైరీలో ఆ పేజీకి మూడు కాలమ్‌లు గీశా: సిజిల్, అవ్వ మొక్కు, నలభై అప్లికేషన్లు. దేనికి టిక్ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.