ఫర్లోకు వెళ్లిన దొరగారు తిరిగి రాకపోయి ఉంటే...



మా చిన్నతనంలో సంఘ పెద్దలు పాత సంగతులు చెప్పేటప్పుడు "అప్పుడు దొరగారు ఫర్లోకు వెళ్లారు" అనేవారు. ఫర్లో అంటే మిషనరీలు కొన్ని సంవత్సరాల సేవ తరువాత కుటుంబముతో స్వదేశానికి వెళ్లివచ్చే సెలవు. అది విశ్రాంతి కాలమనీ, బంధుమిత్రుల మధ్య హాయిగా గడిపి వచ్చేవారనీ మనము అనుకుంటాము. కాని అటువంటి ఒక సెలవులోనే మన తెలుగు సంఘము బ్రదుకుతుందా, చస్తుందా అన్న ప్రశ్న తేలింది. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలి.

అమెరికన్ బాప్తిస్టు మిషనువారి పని నెల్లూరులో 1840లో శామ్యూల్ డే గారితో ఆరంభమైంది. ఆయన ఆరోగ్యము చెడి స్వదేశానికి వెళ్లి, 1848లో తిరుగు ప్రయాణమైనప్పుడు లైమన్ జూయెట్ గారినీ, ఆయన భార్యనూ వెంటబెట్టుకొని బయలుదేరారు. వారు 1849లో నెల్లూరు చేరారు. సంవత్సరాలు గడిచినా మారుమనస్సు పొందినవారు వ్రేళ్లమీద లెక్కపెట్టదగినంత మందే. ఇతర దేశాలలో ఫలితము కనబడుతూ ఉంటే, ఈ తెలుగు మిషనును మూసివేస్తే మంచిదని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మూడుసార్లు ఆలోచించారు. 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో మరొకసారి.

ఈ మధ్యలో 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులోని కొండ ఎక్కి ప్రార్థించారు. క్రింద కనబడే ఊళ్లకు ఒక దైవసేవకుని పంపుమని ఆ ఐదుగురూ మోకరించి అడిగారు. ఆ కొండను నేటికీ మనము ప్రార్థన కొండ అనే పిలుచుకుంటున్నాము. ప్రార్థించి దిగివచ్చారు గాని జవాబు వెంటనే రాలేదు. ఏండ్లు గడిచాయి. జూయెట్ గారి ఆరోగ్యము క్షీణించింది. చివరకు వారు స్వదేశానికి వెళ్లవలసి వచ్చింది.

1862 నాటి అమెరికా పరిస్థితి చూడండి. ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధము సాగుతున్నది. మిషనుకు డబ్బు కొరత. సమాజ కూటములో తెలుగు మిషను సంగతి మూడవసారి చర్చకు వచ్చింది. ఇన్ని సంవత్సరాల కష్టానికి చూపించడానికి ఏమున్నది? మనుష్యుల లెక్కలో జవాబు లేదు. కాని జూయెట్ గారు ఒప్పుకోలేదు. మిషను తనకు తోడు నిలువకపోయినా, తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే ప్రాణము విడుస్తానని చెప్పారు. అది విన్న మిషను కార్యదర్శి, అలాగైతే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఎవరినో ఒకరిని వెంట పంపాలి గదా అన్నారట. నవ్వు తెప్పించే మాటే గాని, దాని వెనుక మన సంఘము ప్రాణము నిలిచి ఉన్నది!

అలా వెంట వచ్చినవారే జాన్ క్లౌ గారు. 1864 నవంబరులో బోస్టను రేవులో ఓడ ఎక్కి, సముద్రముమీద నెలల తరబడి ప్రయాణము చేసి, 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. 1866లో ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపించబడింది. కొండమీది ప్రార్థనకు అప్పటికి సరిగా పదమూడేండ్లు. క్లౌ గారు కూడా 1872లో స్వదేశానికి వెళ్లినప్పుడు ఊరక కూర్చోలేదు. సంఘము వెంట సంఘము తిరిగి, రామాయపట్నము వేదాంత పాఠశాల కొరకు సుమారు 50,000 డాలర్లు సమకూర్చి 1874లో తిరిగి వచ్చారు. మహా కరవు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మూసివేయదలచిన పొలములోనే ఈ కోత!

ప్రియులారా, ఆలోచించండి. 1862లో ఆ రోగగ్రస్తుడైన సేవకుడు "నా పని అయిపోయింది, ఇక ఇక్కడే ఉండిపోతాను" అని ఉంటే? ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఇల్లు సొంతము, భాష సొంతము, వైద్యము దగ్గర. అయినా ఆయన హృదయము నెల్లూరులో ఉన్నది.

ఈ కథ నేడు మనకెందుకు? మన తెలుగు సంఘము కూడా పంపే సంఘమైంది గనుక. 1903లోనే నెల్లూరు నుండి జాన్ రంగయ్య గారు కుటుంబముతో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, అక్కడి చెరకు తోటల తెలుగు కూలీల మధ్య సేవకు వెళ్లారు. నేడు ఏజెన్సీ ప్రాంతాలకూ, ఇతర రాష్ట్రాలకూ మన బిడ్డలు వెళ్తున్నారు. వారు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు మనము ఏమి చేస్తున్నాము? "ఎంతమందికి బాప్తిస్మమిచ్చారు?" అని మొదటి ప్రశ్న. నెల తిరగకముందే "ఎప్పుడు వెళ్తున్నారు?" అని రెండవ ప్రశ్న. ప్రతి ఆదివారము ఒక ఊరిలో ప్రసంగము పెట్టి, వారిని మరింత అలసిపోయేలా చేసి పంపుతాము. వారి పిల్లలు ఏ భాషలో చదువుతున్నారో, ఆ అక్కగారు జ్వరముతో పడుకున్నప్పుడు గంజి కాచి ఇచ్చేవారు ఉన్నారో లేరో అడగము.

పౌలు, బర్నబాలు అంతియొకయకు తిరిగి వచ్చినప్పుడు సంఘమంతా సమకూడి, దేవుడు వారిచేత చేయించిన కార్యములను విన్నది. వారు అక్కడ శిష్యులతో చాలాకాలము ఉన్నారు (అపొ. కార్య. 14:26-28). మొదట వినుట, తరువాత విశ్రాంతి. అటుపిమ్మట దేవునికి తగినట్టుగా సాగనంపుట (3 యోహాను 6).

ఈసారి మీ సంఘానికి ఒక మిషనరీ కుటుంబము వస్తే, లెక్కలు అడగకండి. ఒక పూట భోజనము పెట్టండి. పిల్లలకు బట్టలు కొనండి. వారు పనిచేసే ఊరి పేరు వ్రాసుకొని కుటుంబ ప్రార్థనలో ప్రతి రాత్రి జ్ఞాపకము చేసుకోండి. ఫలితము లేదని వారు కన్నీరు పెడితే ప్రార్థన కొండ కథ చెప్పండి. ఆ కొండ మీద మోకరించినవారు ఐదుగురే!